అద్దాల గదిలో తొమ్మిది నిమిషాలు

కంప్యూటర్లు బాగుచేసేవాడికి కూడా సెలవు రోజంటూ ఒకటి ఉంటుందని పెళ్ళైన కొత్తలో మా ఆవిడ నమ్మేది. తర్వాత తర్వాత నమ్మడం మానేసింది. ఆ ఆదివారం మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని రెండో ముద్ద ఎత్తబోతుంటే నా ఫోన్ మోగింది. నాకంటే ముందే తను చూసి, "ఏవండీ, మా తమ్ముడు. వెళ్ళండి, వెళ్ళండి. మీకు నాకంటే వాడే ఎక్కువ" అంది. నవ్వుతూనే అంది. ఆ నవ్వు సంగతి ఎందుకు చెబుతున్నానంటే, నేను దాన్ని చూడటం అదే ఆఖరు.

"బావా, నీ ముసలి కంప్యూటర్ మొరాయించింది," అన్నాడు నా బావమరిది. "నిన్న రాత్రి అదేదో అప్‌డేట్ వేసుకుంది. పొద్దుట్నుంచీ ఇదే వరస. కాసేపు పనిచేస్తుంది, తెరంతా నీలంగా అయిపోతుంది, దానంతటదే ఆగి మళ్ళీ లేస్తుంది. డ్రమ్ములో సరుకుంది. కాస్త రా."

"అప్‌డేట్ ఎలా వేసుకుంటుందిరా? దానికి ఇంటర్నెట్ తీగే లేదుగా!"

"మొన్న మ్యాచ్ చూద్దామని నేనే తగిలించాను..."

నోటికొచ్చినట్టు తిట్టాను. తిడుతూనే సామాన్ల సంచి అందుకుని చెప్పులు వేసుకున్నాను. వాడంటే నాకు అంత ఇష్టం. వాడికి ఆ ఉద్యోగం ఇప్పించిందీ నేనే.

వాడు పనిచేసేది నూలుకు రంగు వేసే కార్ఖానాలో. ఇంటి నుంచి పది నిమిషాల నడక. సన్నటి తుంపర పడుతోంది. సెలవు కావడంతో గేటు దగ్గర మనిషి కూడా లేడు. లోపల పొడవాటి షెడ్డు, తడి నేల, దండేలకు వేలాడుతున్న నూలు చిలపలు. రంగు నిలవడానికి వాడే ఆసిడ్ వాసన, పుల్లగా, ముక్కుకు అడ్డం పడుతూ. షెడ్డు చివర ఒకే ఒక్క డ్రమ్ము నడుస్తోంది. దాని పంపు గుక్కపట్టిన పిల్లాడిలా ఆగి ఆగి మూలుగుతోంది.

డ్రమ్మంటే నీళ్ళ డ్రమ్ము అనుకునేరు. ఇంట్లో కుక్కర్ ఎలా పనిచేస్తుందో అదీ అలాగే, కాకపోతే లోపల ఇద్దరు మనుషులు నిలబడొచ్చు. నూలు ఉండలు పేర్చి, మూత బిగించి, రంగునీళ్ళను నూట ముప్పై డిగ్రీల దాకా కాస్తారు. చల్లారకుండా మూత తీస్తే ఏమవుతుందో కుక్కర్ ఉన్న ఏ ఇంట్లోనైనా తెలుసు. అందుకే ఆ మూత తాళం మనిషి చేతిలో ఉండదు, పక్కనున్న అద్దాల గదిలో కంప్యూటర్ చేతిలో ఉంటుంది. బ్యాచ్ ఎన్నింటికి మొదలైందో, ఎంతసేపు కాగాలో, ఎంతసేపు చల్లారాలో గడియారం చూసి అది లెక్క వేసుకుంటుంది. లెక్క పూర్తయ్యేదాకా మూత పక్కన ఎర్ర దీపం. పూర్తయితే పచ్చ దీపం, తాళం వదులు. ఇదివరకు ఇంకో ఇనుప తాళం కూడా ఉండేది. ఊరికే ఇరుక్కుపోతోందని పీకి మూల పడేశారు. ఒత్తిడి చూపించే ముల్లు మీది అద్దం రంగు పట్టి ఎప్పుడో మసకబారింది. అందరూ దీపాన్నే నమ్మేవాళ్ళు.

అందరూ అంటే, రంగుల మాస్టారు తప్ప. ఆయన ముప్పై ఏళ్ళు ఆ డ్రమ్ము దగ్గరే పనిచేశారు. గోళ్ళ చుట్టూ ఏ సబ్బుకూ పోని నీలం ఉండేది. పచ్చ దీపం వెలిగినా ఆయన మూత ముట్టుకునేవారు కాదు. ఇంటర్‌కమ్ నొక్కి గదిలో ఉన్నవాణ్ని అడిగేవారు, "మూత తియ్యనా?" అని. గదిలోవాడు తెర చూసి "తియ్యండి" అంటేనే చక్రం తిప్పేవారు. ఆయన పెట్టిన ఆ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. ఆయన మాత్రం లేరు. ఆరేళ్ళయింది.

నేను కంప్యూటర్ చూడటానికి వెళ్ళినప్పుడల్లా ఆయన నన్ను "కంప్యూటరబ్బాయ్" అని పిలిచేవారు. అప్పటికే నాకు ముప్పై దాటాయి, జుట్టు ఊడటం మొదలైంది, అయినా అబ్బాయినే. ఆ పేరు ఆయన తప్ప ఇంకెవరూ అనలేదు. ఇంట్లో ఎప్పుడూ చెప్పుకోలేదు కూడా.

"ఏం పెట్టావు లోపల?" అనడిగాను వాణ్ని.

"ముదురెరుపు. పొద్దున ఎనిమిదికి ఎక్కించాను. నూట ముప్పై దగ్గరే ఆగిపోయి ఉంది. చల్లార్చమని కంప్యూటర్ చెప్పాలి. అదేమో పడుకుంటోంది, లేస్తోంది."

"నేను చెప్పేదాకా మూత జోలికి పోకు."

"నేనేమైనా పిచ్చోణ్నా బావా?"

"మ్యాచ్ కోసం తీగ తగిలించినవాణ్ని ఏమంటారో నువ్వే చెప్పు."

వాడు ఇకిలించి, పంపు కారుతోందంటూ డ్రమ్ము పక్కనున్న ఇనుప మెట్ల మీదికి వెళ్ళిపోయాడు. నేను గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. బల్ల, కుర్చీ, ఇంటర్‌కమ్ పెట్టె, కంప్యూటర్. ఒకప్పుడు తెల్లగా ఉండే కంప్యూటర్ పెట్టె ఎన్నో రంగుల పొడి పట్టి పేరులేని రంగుకు వచ్చింది. అద్దాలకు ఆవిరి పట్టి, అవతల ఉన్న నా బావమరిది ఒక మరకలా కనిపిస్తున్నాడు.

తెర మీద ముందు నా చూపు పడింది తేదీ మీద. సరైన తేదీ. ఆ రోజుదే.

అది అక్కడ ఉండకూడదు.

ఎందుకో చెప్పాలి. ఈ డ్రమ్మును నడిపే ప్రోగ్రాం లైసెన్సు ఆరేళ్ళ కిందట ఒక పంతొమ్మిదో తారీఖున అయిపోయింది. అమ్మిన కంపెనీ అప్పటికే మూతపడింది. కొత్తది దొరకదు. మా వృత్తిలో అందరికీ తెలిసిన చిట్కా ఒకటుంది, గడియారాన్ని వెనక్కి తిప్పడం. తేదీని ఆ నెల పద్దెనిమిదికి మార్చేస్తే ప్రోగ్రాం ఇంకా ఒక్క రోజు గడువుందనుకుని బుద్ధిగా పనిచేస్తుంది. కంప్యూటర్ ఆన్ అయిన ప్రతిసారీ తేదీని పద్దెనిమిదికి మార్చే చిన్న ఫైలు నేనే రాసి లోపల పెట్టాను. ఆరేళ్ళుగా ఆ గదిలో రోజూ పద్దెనిమిదే. కొత్త పేరు చేర్చడం కుదరదు కాబట్టి నా బావమరిది కూడా మాస్టారి నంబరుతోనే ప్రోగ్రాంలోకి వెళ్ళేవాడు. ఆపరేటరు మూడు.

అంటే ఆ కంప్యూటర్ లెక్కలో మాస్టారు రోజూ డ్యూటీకి వస్తూనే ఉన్నారు. పంతొమ్మిదిన పోయిన మనిషి పద్దెనిమిదిన బతికే ఉంటాడు కదా. ఇప్పుడు అప్‌డేట్ వచ్చి నా ఫైలును తీసి అవతల పారేసి, అసలు తేదీ తెచ్చిపెట్టింది. ఆయన పోయిన సంగతి ఆ గదికి నిన్న రాత్రే తెలిసింది.

ఇలాంటి ఆలోచనలు నాకు రావు. ఆ రోజు వచ్చాయి.

ఇంకో సంగతి. ఆ తేదీతో ప్రోగ్రాం తెరుచుకోకూడదు. గడువు తీరిందని మొహం మీదే చెప్పాలి. అది తెరుచుకునే ఉంది. ఆపరేటరు మూడు, అని పైన రాసి ఉంది.

పాత ప్రోగ్రాం, కొత్త అప్‌డేట్, ఎక్కడో పొసగలేదు, అనుకున్నాను. మామూలు సంగతే. చేతి గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. తెర నీలంగా మారింది. పెట్టె ఒక్కసారి ఊపిరి పీల్చినట్టు ఆగి, మళ్ళీ లేచింది. తొమ్మిది నిమిషాలు.

పెట్టె విప్పాను. దుమ్ము ఊదాను. మెమరీ కడ్డీలు పీకి, పెన్సిల్ రబ్బరుతో వాటి పళ్ళు రుద్ది, మళ్ళీ దిగ్గొట్టాను. సగం రోగాలు ఆ రబ్బరుకే లొంగుతాయి. ఆన్ చేశాను. తొమ్మిది నిమిషాలు. నీలం తెర. కరెంటిచ్చే డబ్బా మార్చాను. తొమ్మిది. వేడెక్కి ఆగిపోతోందేమోనని చెయ్యి పెట్టి చూశాను. లోపల చల్లగా ఉంది. తడిగా ఉంది. వేళ్ళు బయటికి తీస్తే గోళ్ళ చుట్టూ నీలం.

ఆసిడ్ వాసన ఎక్కువైంది. తలుపు వేసే ఉంది.

మళ్ళీ లేచినప్పుడు ఆ రోజు బ్యాచ్ రికార్డు తెరిచాను. మొదలైన సమయం ఎనిమిది. వేడి నూట ముప్పై. మూత, మూసి ఉంది. చివర రిమార్కులు రాసే గడి. బ్యాచ్ పూర్తయ్యేదాకా అది ఖాళీగా ఉండాలి. ఇప్పుడు అందులో ఒక వాక్యం ఉంది.

"ఆపరేటరు తొందరపడి మూత తీశాడు. యంత్రంలో లోపం లేదు."

చదివాను. మళ్ళీ చదివాను. ఆ వాక్యం నాకు కొత్త కాదు. అది నేను రాసిందే. ఆరేళ్ళ కిందట, ఇదే కుర్చీలో, ఇదే కీబోర్డు మీద. కానీ అది ఆ పంతొమ్మిదో తారీఖు రికార్డులో ఉండాలి. ఇక్కడ కాదు. ఈ మూత ఇంకా తియ్యలేదు.

చెరిపేశాను. నీలం తెర. లేచింది. మళ్ళీ ఉంది.

చెరిపాను. మళ్ళీ ఉంది.

అప్పుడు ఇంటర్‌కమ్ గరగరమంది. ఎవరో నొక్కి, మాట్లాడకుండా పట్టుకున్నట్టు. తర్వాత బాగా నెమ్మదిగా...

"కంప్యూటరబ్బాయ్..."

గబుక్కున అద్దం తుడిచి చూశాను. నా బావమరిది మెట్ల మీద వంగి పంపు బిగిస్తున్నాడు. ఇంటర్‌కమ్ వాడికి నాలుగడుగుల దూరంలో గోడకు ఉంది. దాని దగ్గర ఎవరూ లేరు.

నేను భయస్తుణ్ని కాదు. దెయ్యాల కథలు చెప్పేవాళ్ళను ఆటపట్టించే రకం. కానీ ఆ గొంతు దగ్గర నాకు వాదించడానికి ఏమీ మిగల్లేదు. ఎందుకంటే నేను ఇంతవరకూ సగమే చెప్పాను.

ఆ పంతొమ్మిదిన లైసెన్సు అయిపోయినప్పుడు డ్రమ్ము నడుస్తూ ఉంది. లోపల నూట ముప్పై. తెర ఆగిపోయింది. ఓనరు ఫోన్‌లో అరుస్తున్నాడు. నేను వచ్చి, నా తెలివికి నేనే మురిసిపోతూ, బ్యాచ్ నడుస్తుండగానే తేదీని ఒక రోజు వెనక్కి తిప్పాను. ప్రోగ్రాం గడియారం చూసుకుంది. ఈ బ్యాచ్ రేపు కదా మొదలయ్యేది, అనుకుంది. అయితే ఇప్పుడు డ్రమ్ము ఖాళీ. ఖాళీ డ్రమ్ముకు తాళమెందుకు? పచ్చ దీపం వెలిగింది.

మాస్టారికి అనుమానమొచ్చింది. ఇంత తొందరగా చల్లారిందా అని. ఇంటర్‌కమ్ నొక్కి అడిగారు.

"కంప్యూటరబ్బాయ్, మూత తియ్యనా?"

నేను తెర కూడా చూడలేదు. ఓనరుకు జవాబు చెబుతూ, విసుగ్గా, "తీసెయ్యండి మాస్టారూ" అన్నాను.

కాగే ఆవిరి మీదికి చిమ్మి ఆయన కింద పడ్డాక తొమ్మిది నిమిషాలు బతికారు. నన్నే పిలిచారు. నేను వెళ్ళలేదు. ఆ తొమ్మిది నిమిషాలూ ఈ గదిలోనే కూర్చుని నేను తేదీ మార్చిన ఆనవాళ్ళు చెరిపేసి, రిమార్కుల గడిలో ఆ వాక్యం రాశాను. అది పూర్తయ్యేసరికి పిలుపు ఆగిపోయింది. తర్వాత ఓనరూ నేనూ ఒకే మాట మీద నిలబడ్డాం. తాగి ఉంటాడని కూడా ఎవరో కలిపారు. నేను కాదనలేదు. ఆయన జీవితంలో తాగి ఎరగరు.

నెల తర్వాత ఆయన భార్య మా ఇంటి గుమ్మంలోకి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు. "బాబూ, ఆయన అడక్కుండా మూత తీసే మనిషి కాదు. నువ్వొకసారి సరిగ్గా చూడు. కంప్యూటర్ అబద్ధం చెప్పదంటారు కదా?" అంది.

"చెప్పదమ్మా," అన్నాను.

ఆవిడ తల వంచుకుని వెళ్ళిపోయింది. ఆ ఖాళీ అయిన ఉద్యోగానికే నా బావమరిదిని తీసుకెళ్ళి నిలబెట్టాను. నేనెలాంటి మనిషినో మీరే అనుకోండి.

ఆ ఆదివారం, ఆ వాక్యం ముందు కూర్చుని, నాకు ఒక సంగతి అర్థమైంది. అప్పుడు అబద్ధం రాయడానికి నాకు దొరికినవి తొమ్మిది నిమిషాలు. ఇప్పుడూ తొమ్మిదే దొరుకుతున్నాయి, మళ్ళీ మళ్ళీ. ఎందుకో తెలియనట్టు నటించడం ఇక నావల్ల కాలేదు. వాక్యాన్ని చెరిపి, రాయడం మొదలుపెట్టాను. "ఆ రోజు తేదీని వెనక్కి తిప్పింది నేను. మూత తియ్యమని చెప్పిందీ..."

పదాల కోసం వెతుక్కుంటూ రాశాను. ఎనిమిది నిమిషాలైంది. తొమ్మిది. తెర నీలంగా మారలేదు. పది. పన్నెండు. ఫ్యాను మెత్తగా తిరుగుతోంది. పంపు మూలుగు కూడా సద్దుమణిగింది. పొద్దుట్నుంచీ అంతసేపు ఆగకుండా నడవడం అదే మొదలు.

ఫోన్ మోగింది. ఓనరు.

"ఏమయ్యా, ఎంతసేపు? సరుకు రేపు వెళ్ళకపోతే మనం మునిగిపోతాం. ఇంకా ఏం చూస్తున్నావు అక్కడ?"

"సార్... ఆ మాస్టారి విషయం... ఎక్కడో ఒకచోట నిజం రాసి పెడితే మంచిదేమో..."

"రాసుకో. రాసి నువ్వే జైలుకెళ్ళు. నీ భార్యకి కూడా నువ్వే చెప్పుకో, తమ్ముణ్ని ఎలాంటి చోట పెట్టావో. అప్‌డేట్ వల్ల పాడైతే ఆ అప్‌డేట్ తీసి పారెయ్యి. చిన్నపిల్లాడిక్కూడా తెలుసు."

నా భార్య నవ్వు గుర్తొచ్చింది. చెబితే అది ఉండదు. అంతే... నా ధైర్యం అక్కడితో సరి. రాసిందంతా చెరిపేశాను. ఓనరు చెప్పినట్టే, అప్‌డేట్ తొలగించు అన్నచోట నొక్కాను.

కంప్యూటర్ ఆగింది. చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. "పాత స్థితికి తెస్తున్నాము. ఆపకండి." అద్దం మీది ఆవిరిలో నీటిచుక్కలు దారులు తీస్తున్నాయి. ఏదో మర్చిపోయానని నా మనసు పీకుతోంది. ఏంటది? వైర్లు సరిగానే ఉన్నాయి. మెమరీ సరిగానే ఉంది. పాత స్థితికి తెస్తున్నాము... పాత స్థితి...

పాత స్థితిలో నా ఫైలు ఉంటుంది.

ఆన్ అవగానే తేదీని పద్దెనిమిదికి మార్చే, నా చేత్తో నేను రాసిన ఫైలు. డ్రమ్ము నిండా కాగుతున్న రంగు ఉండగా.

కరెంటు తీగ పీకుదామని బల్ల కిందికి దూరాను. ప్లగ్గు చేతిలోంచి జారింది. తడి. అంతా తడి. తల ఎత్తేసరికి తెర వెలిగింది. తేదీ, పద్దెనిమిది. ఆపరేటరు మూడు. డ్రమ్ము ఖాళీ.

ఆవిరి పట్టిన అద్దం అవతల ఎర్ర దీపం ఆరింది. పచ్చ దీపం వెలిగింది.

ఇంటర్‌కమ్ గరగరమంది.

"కంప్యూటరబ్బాయ్... మూత తియ్యనా?"

"వద్దు!" బటన్ విరిగేలా నొక్కి అరిచాను. "వద్దు మాస్టారూ! వద్దు! ఒరేయ్, కిందికి దిగరా! ముట్టుకోకు! వద్దు!"

అద్దంలోంచి వాడు కనిపించాడు. ఇంటర్‌కమ్ దగ్గర చెవి పెట్టి వింటున్నాడు. తల ఊపాడు. నా వైపు బొటనవేలు ఎత్తి చూపించాడు. చక్రం మీద చెయ్యి వేశాడు.

నేను తలుపు తీసుకుని పరిగెత్తాను. పది అడుగులు కూడా లేదు ఆ దూరం.

ఆ చప్పుడు గురించి రాయను. తర్వాత షెడ్డంతా తెల్లటి ఆవిరి, నేల మీద ముదురెరుపు. అది రంగే. రంగేనని నాకు నేను చెప్పుకుంటూ మోకాళ్ళ మీద వాడి దగ్గరికి పాకాను. నా అరచేతులు కాలాయి. ఇప్పటికీ వేళ్ళు పూర్తిగా ముడవలేను. ఈసారి మాత్రం నేను పక్కనుంచి కదల్లేదు. అంబులెన్సు వచ్చేదాకా వాడి తల ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను.

వాడు కళ్ళు తెరిచాడు. కోపం లేదు వాటిలో. అర్థం కానట్టు చూశాడు.

"నువ్వే కదా బావా..." అన్నాడు. "తీసెయ్యమన్నావు."

అంబులెన్సు రావడానికి ఎంతసేపు పట్టిందో నన్ను ఎవరూ అడగక్కర్లేదు. నేను గడియారం చూసుకుంటూనే ఉన్నాను.

మర్నాడు అందరికీ నిజం చెప్పాను. ఆదివారం జరిగిందీ, ఆరేళ్ళ కిందట జరిగిందీ. పోలీసులకు చెప్పాను, అత్తగారి కాళ్ళ మీద పడి చెప్పాను. తేదీ తిప్పింది నేను, ఫైలు రాసింది నేను, వాడి తప్పు ఆవగింజంత కూడా లేదు అని. ఓనరు ఆ కంప్యూటర్ తెప్పించి అందరి ముందూ ఆన్ చేయించాడు. ఎంత వెతికినా నా ఫైలు లేదు. తేదీ సరిగ్గా ఉంది. ఆ ఆదివారం రికార్డులో రిమార్కుల గడిలో ఒకే వాక్యం ఉంది. ఆపరేటరు తొందరపడి మూత తీశాడు. యంత్రంలో లోపం లేదు. రాసిన సమయం రెండూ నలభై ఒకటి. రాసింది ఆపరేటరు మూడు.

రెండూ నలభై ఒకటికి వాడి తల నా ఒళ్ళో ఉంది. గదిలో ఎవరూ లేరు.

"పాపం, బావమరిది పోయిన బాధలో ఏదేదో మాట్లాడుతున్నాడు" అని నన్ను బయటికి నడిపించారు. ఇప్పుడు ఊళ్ళో అందరూ వాణ్నే అంటున్నారు. తొందరపాటు మనిషట. మధ్యాహ్నానికే తాగి ఉంటాడట. వాడు తాగడు. ఎంత చెప్పినా ఎవరూ వినడం లేదు.

మాస్టారి భార్య దగ్గరికి కూడా వెళ్ళాను. గుమ్మంలోనే నిలబడి మొత్తం చెప్పాను. ఆవిడ చివరిదాకా విని, "కంప్యూటర్ అబద్ధం చెప్పదన్నావుగా బాబూ," అని నెమ్మదిగా తలుపు వేసేసింది.

ఇది జరిగి మూడు నెలలైంది. కంప్యూటర్ల పని మానేశాను. ఇదంతా చేత్తో, కాగితం మీద రాస్తున్నాను. ఒక్క పేజీకి ఒక పూట పడుతోంది. నేను చెప్పింది మా ఆవిడ నమ్మిందో లేదో నాకు తెలీదు. ఆ రోజు నుంచి నాతో ఒక్క మాట మాట్లాడలేదు. వండుతుంది, పెడుతుంది, వెళ్ళిపోతుంది. "ఏవండీ" అన్న పిలుపు కోసం చెవి కోసుకుంటాను.

ఇప్పుడు వంటింట్లో కుక్కర్ పెట్టింది. పెట్టి చాలాసేపైంది. ఇంతవరకూ ఒక్క విజిల్ కూడా రాలేదు. ఎంతసేపైందో చూద్దామని ఫోన్ తీశాను. తేదీ పద్దెనిమిది అని ఉంది. ఈ రోజు పద్దెనిమిది కాదు.

ముందు గదిలోకి పుల్లటి వాసన వస్తోంది.

మూడు నెలల తర్వాత మొదటిసారి, వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. నెమ్మదిగా. ఓపిగ్గా.

"కంప్యూటరబ్బాయ్... మూత తియ్యనా?"